కుడి మలుపులూ తిరగాలి: రోడ్ కోర్స్ రేసుకు స్టాక్ కార్ డ్రైవర్ ఎలా సిద్ధం కావాలి

అమెరికా స్టాక్ కార్ రేసుల్లో పై మెట్టు అయిన నాస్కార్ కప్ డ్రైవర్‌కి ఏడాదిలో ఎక్కువ వారాలు ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు ట్రాక్) మీద ఎడమకు తిరగడమే పని. అది తేలికైన పనేం కాదు. అయితే సోనోమా, వాట్కిన్స్ గ్లెన్, ఆస్టిన్‌లోని కోటా (సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్), 2025 దాకా కప్ రేసు జరిగిన షార్లెట్ రోవల్ (ఓవల్‌నీ దాని లోపలి రోడ్డునీ కలిపిన ట్రాక్) లాంటి, రెండు వైపులా మలుపులుండే రోడ్ కోర్సుల దగ్గరికి వచ్చేసరికి కారు అదే అయినా చదువు మారిపోతుంది. 2025 సీజన్ చూడండి. న్యూజిలాండ్ డ్రైవర్ షేన్ వాన్ గిస్‌బర్గెన్ మెక్సికో సిటీ, షికాగో వీధి ట్రాక్, సోనోమా, వాట్కిన్స్ గ్లెన్, షార్లెట్ రోవల్‌లో మొత్తం ఐదు రేసులు గెలిచాడు. అదే ఏడాది ఓవల్ మీద ఒక్కటీ గెలవలేదు. ఇవి రెండు వేర్వేరు విద్యలని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఈ వ్యాసం ఓవల్ మీద పెరిగి, రోడ్ కోర్స్‌కి దిగబోతున్న డ్రైవర్ కోసం. సిమ్యులేటర్‌లో ఈ కార్లు నడిపేవారికీ, కుర్చీలోంచి రేసు చూస్తూ లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకునేవారికీ పనికొస్తుంది. లెక్కలన్నీ 2022లో వచ్చిన నెక్స్ట్ జెన్ కారువి: గేర్లు వరుసగా ఒక్కొక్కటే మారే ఐదు గేర్ల సీక్వెన్షియల్ ట్రాన్సాక్సిల్ (వెనక యాక్సిల్‌తో కలిసిన గేర్‌బాక్సు), వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్, 18 అంగుళాల చక్రాలు, నడుమ ఒకే నట్టు. నాలుగు గేర్ల పాత హెచ్ ప్యాటర్న్ (మామూలు కారులా లివర్ హెచ్ ఆకారంలో కదిలే) కారు నడిపేవారికి తేడా వచ్చేచోట విడిగా చెప్పాం.

ఒక్క మాట ముందే పెట్టుకుందాం. రోడ్ కోర్స్‌లో ల్యాప్ టైం బ్రేక్ పెడల్ దగ్గర దొరుకుతుంది. అదీ బ్రేక్ ఎంత ఆలస్యంగా తొక్కారన్న దాంట్లో కన్నా, ఎలా వదిలారన్న దాంట్లో ఎక్కువ. మిగతా సన్నాహమంతా దాని చుట్టూనే.

1. ట్రాక్‌ని ముందు కాగితం మీద నడపండి

రేసుకు మూడు నాలుగు వారాల ముందు ట్రాక్ మ్యాపు ప్రింటు తీసుకోండి. ఒక్కో మలుపుకు ఐదు సంగతులు రాయండి: బ్రేక్ తొక్కే గుర్తు, ఏ గేరులోకి దిగాలి, స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టే చోటు, ఏపెక్స్ (మలుపు లోపలి అంచుకి కారు అతి దగ్గరగా వచ్చే చోటు), గ్యాస్ (యాక్సిలరేటర్) పూర్తిగా తొక్కగలిగే చోటు. తెలియని గడి ఖాళీగా వదలండి. ఊహించి నింపితే ప్రాక్టీసులో ఆ ఊహే మిమ్మల్ని నడిపిస్తుంది.

తర్వాత మలుపులకు ప్రాధాన్యం ఇవ్వండి. అన్ని మలుపులూ ఒకటి కావు. పొడవైన స్ట్రెయిట్ ముందున్న మలుపుది పెద్ద పీట. అక్కడ బయటికి వచ్చే వేగంలో గంటకు రెండు మైళ్లు పెరిగితే ఆ రెండు మైళ్లూ స్ట్రెయిట్ పొడుగునా మీతోనే వస్తాయి. రెండు మలుపుల మధ్య ఇరుక్కున్న మలుపులో ఎంత వీరత్వం చూపించినా తర్వాతి మలుపు దానికి వడ్డీతో సహా వసూలు చేస్తుంది.

వాట్కిన్స్ గ్లెన్‌నే తీసుకోండి. నాస్కార్ వాడే లేఔట్ 2.45 మైళ్లు, 2025లో రేసు 90 ల్యాపులు. దిగుడులో బ్రేక్ తొక్కి కుడికి తొంభై డిగ్రీలు తిరిగే మొదటి మలుపు, ఎక్కుడులో ఎస్సెస్ (ఎస్ ఆకారపు వరుస మలుపులు), వెనక స్ట్రెయిట్ చివర బస్ స్టాప్ షికేన్ (వేగం తగ్గించడానికి పెట్టిన ఇరుకు వంకర), దాన్ని ఆనుకుని పొడవైన కుడి మలుపు, చివర ఒక ఎడమ, ఒక కుడి. ఇక్కడ అన్నిటికన్నా విలువైనది మొదటి మలుపు నుంచి బయటపడే తీరు. ఎస్సెస్‌లో గ్యాస్ వదలకుండా ఎక్కగలిగితేనే వెనక స్ట్రెయిట్ మీద వేగం ఉంటుంది. ఎస్సెస్‌లోకి ఎంత వేగంతో వెళ్తారన్నది మొదటి మలుపులోనే నిర్ణయమైపోతుంది. పైగా ఎస్సెస్ పక్కన నీలం రంగు గార్డ్‌రెయిల్ దగ్గరగా ఉంటుంది, తప్పు దిద్దుకునే జాగా లేదు. అందుకే మొదటి మలుపులోకి ఒక కారు పొడవు ముందే బ్రేక్ వేసి, బయటికి నేరుగా వచ్చేవాడు ల్యాప్ మొత్తమ్మీద లాభపడతాడు.

సోనోమా స్వభావం వేరు. 1.99 మైళ్ల లేఔట్, 110 ల్యాపులు, కొండ మీద ట్రాక్. ఊపిరి తీసుకునే స్ట్రెయిట్ దాదాపు లేదు. అక్కడ ఒక మలుపు చెడితే తర్వాతి మూడూ చెడతాయి. ఎక్కుడులో బ్రేక్ బాగా పట్టినట్టుంటుంది, దిగుడులో అదే గుర్తు దగ్గర తొక్కితే కారు ఆగదు. మ్యాపు మీద ఎక్కుడు దిగుళ్లకు బాణాలు వేసుకోండి. టీవీలో ట్రాక్ చదునుగా కనిపిస్తుంది, మోసపోవద్దు.

2. ఏ కాలితో బ్రేక్? ఇది ముందే తేల్చుకోండి

ఓవల్ డ్రైవర్లు ఎడమ కాలితోనే బ్రేక్ వేస్తారు. పాత హెచ్ ప్యాటర్న్ కారులో డౌన్‌షిఫ్ట్‌కి క్లచ్ కావాలి కాబట్టి రోడ్ కోర్స్‌లో చాలామంది కుడి కాలికి మారేవారు. సీక్వెన్షియల్ గేర్‌బాక్స్ వచ్చాక క్లచ్ అవసరం పిట్‌లోంచి (టైర్లు, ఇంధనం కోసం ఆగే చోటు) కదిలేటప్పుడే. ఇప్పుడు రెండు దారులు ఉన్నాయి.

ఎడమ కాలి బ్రేక్: మీకు అలవాటైనది. కుడి కాలు ఖాళీగా ఉంటుంది, డౌన్‌షిఫ్ట్‌కి గ్యాస్ బ్లిప్ (ఇంజను వేగం పెంచే చిన్న తట్టు) ఇవ్వడానికి వీలు. బ్రేక్ నుంచి గ్యాస్‌కి మారడంలో సమయం వృథా కాదు. చిక్కు ఎక్కడంటే, కుడి కాలు తెలియకుండానే గ్యాస్ మీద కొంచెం బరువు వేస్తుంది. బ్రేకూ గ్యాసూ ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. బ్రేకులు మండుతాయి, ఇంధనం పోతుంది, డ్రైవర్‌కి మాత్రం కారు ముక్కు తిరగడం లేదనిపిస్తుంది. కారు నమోదు చేసే డేటాలో బ్రేక్, గ్యాస్ గీతలు రెండూ ఒకదాని మీద ఒకటి పడితే రోగం ఇదే.

కుడి కాలి బ్రేక్, హీల్ అండ్ టో: పాదం ముందు భాగం బ్రేక్ మీద ఉంచి, కుడి అంచుని దొర్లించి గ్యాస్‌ని తట్టడం. వాన్ గిస్‌బర్గెన్ ఆస్ట్రేలియా సూపర్‌కార్స్ నుంచి తెచ్చుకున్న పద్ధతి ఇదే. అతను గెలుస్తున్నాడు కదా అని రేసు వారంలో దీనికి మారకండి. పద్ధతి పాదంలో ఇంకడానికి నెలలు పడుతుంది. మా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, ఓవల్ నుంచి వచ్చిన డ్రైవర్ ఎడమ కాలితోనే ఉండి, బ్రేక్ వదలడం నేర్చుకోవడానికి ఆ నెలలు పెడితే లాభం ఎక్కువ.

ఏది ఎంచుకున్నా పెడల్ బాక్సు దాని ప్రకారం సర్దించాలి. హీల్ అండ్ టోకి, బ్రేక్ గట్టిగా తొక్కి ఉన్నప్పుడు ఆ పెడల్, గ్యాస్ పెడల్ దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. కొలత నిలబడి ఉన్న పెడల్‌తో తీస్తే తప్పు వస్తుంది, తొక్కి పట్టి తీయాలి. ఎడమ కాలి బ్రేక్‌కైతే స్టీరింగ్ కాలమ్‌కి కాలు తగలకుండా, బ్రేక్ పెడల్ ఎడమకు జరిగి ఉండాలి. రేసులో వేసుకునే షూ వేసుకునే కొలవండి.

3. బ్రేకింగ్: తొక్కడం, పట్టడం, వదలడం

గంటకు 160 మైళ్ల వేగంలో కారు సెకనుకు 235 అడుగులు పోతుంది. సెకనులో పదో వంతు ఆలస్యమైతే 23 అడుగులు, అంటే ఒక కారు పొడవు కంటే ఎక్కువ. డ్రైవర్, ఇంధనంతో కలిపి పదిహేను వందల కిలోలు దాటే బండి ఇది. అందుకే బ్రేక్ గుర్తు కదలనిదై ఉండాలి: దూరం చూపే బోర్డు, తారు మీద అతుకు, గోడ మీద రంగు మారే చోటు. నీడలు గుర్తుగా పెట్టుకోవద్దు, మధ్యాహ్నానికి జరిగిపోతాయి. అవతలి కారు వెనక ఉన్నప్పుడు బోర్డు కనబడదు కాబట్టి ప్రతి పెద్ద బ్రేకింగ్ జోన్‌కీ రెండో గుర్తు కూడా ఉంచుకోండి.

ఒక్క మలుపుని దగ్గరగా చూద్దాం. వాట్కిన్స్ గ్లెన్ మొదటి మలుపే.

మొదటి నొక్కుడు గట్టిగా ఉండాలి, కానీ తన్నినట్టు కాదు. బరువు ముందు చక్రాల మీదికి చేరడానికి ఒక్క క్షణం కావాలి. ఆ క్షణం ఇవ్వకుండా తంతే, ఇంకా బరువు పడని ముందు టైరు లాక్ అయి (తిరగడం ఆగి జారి) పొగ వస్తుంది. బరువు చేరాక పెడల్ మీద అత్యధిక బలం. కారు అత్యంత వేగంగా ఉన్నది ఇక్కడే, గాలి ఒత్తిడి కారుని కిందికి నొక్కేదీ ఇక్కడే. కాబట్టి బ్రేక్ బలమంతా మొదట్లోనే ఖర్చు పెట్టాలి. వేగం తగ్గేకొద్దీ గాలి ఒత్తిడీ తగ్గుతుంది. అదే బలం అలాగే పట్టి ఉంచితే టైరు తట్టుకోలేక లాక్ అవుతుంది. అందుకే పెడల్ బలం నెమ్మదిగా దిగుతూ రావాలి.

ఇక వదలడం. స్టీరింగ్ తిప్పడం మొదలైనప్పుడు పెడల్ మీద ఇంకా కొంచెం బలం మిగిలి ఉండాలి. చెయ్యి తిరిగేకొద్దీ కాలు లేవాలి. టైరు పట్టు జేబులో ఉన్న వంద రూపాయల లాంటిది. బ్రేక్‌కి ఎంత పెడితే మలుపుకి అంత తగ్గుతుంది. అచ్చంగా కూడిక తీసివేత కాకపోయినా, సీట్లో కూర్చున్నప్పుడు ఆ లెక్క సరిపోతుంది. ఏపెక్స్ దగ్గరికి వచ్చేసరికి బ్రేక్ సున్నా.

ఓవల్ డ్రైవర్ సాధారణంగా చేసే తప్పు, బ్రేక్ బాగా లోతుగా వేసి, భయంతో ఒక్కసారిగా వదిలేయడం. వదలగానే ముక్కు పైకి లేస్తుంది, ముందు టైర్ల మీద బరువు పోతుంది, కారు తిరగదు. డ్రైవర్ రేడియోలో టైట్‌గా ఉందంటాడు, అంటే ముక్కు తిరగడం లేదని. టీముని నడిపే క్రూ చీఫ్ ముందు స్ప్రింగు మెత్తబరుస్తాడు. అప్పుడు కారు మలుపు మధ్యలో లూజ్ అవుతుంది, అంటే వెనక భాగం జారుతుంది. తప్పు కారుది కాదు, కాలిది. కాబట్టి ప్రవేశంలో టైట్ అని ఫిర్యాదు చేసే ముందు మీ బ్రేక్ గీత ఒకసారి చూడండి. గీత కొండలా ఎక్కి, వాలుగా దిగాలి. మెట్టులా తెగిపడిందంటే సెటప్ జోలికి వెళ్లొద్దు.

సాధన ఇలా చేయండి: మామూలు గుర్తు కంటే 50 అడుగులు ముందే బ్రేక్ మొదలుపెట్టి, వదలడం మీదే ధ్యాస పెట్టి పది ల్యాపులు తిరగండి. ఏపెక్స్ వేగం పెరగడం కనిపిస్తుంది. ఆ తర్వాతే గుర్తుని ఐదు, పది అడుగుల చొప్పున మలుపు వైపు జరపండి. ఈ వరుస తిప్పితే, అంటే ముందు ఆలస్యంగా తొక్కడం నేర్చుకుని తర్వాత వదలడం నేర్చుకుందామంటే, కుదరదు. లాక్ అయిన టైర్ల మీద ఏ పాఠమూ ఎక్కదు.

బ్రేక్ బయాస్ (ముందు, వెనక చక్రాల మధ్య బ్రేక్ బలం పంపకం) నాబ్ మీ చేతిలోనే ఉంటుంది, వాడండి. ముందు టైర్లు లాక్ అవుతుంటే బయాస్ వెనక్కి, బ్రేక్ వేయగానే వెనక భాగం ఊగుతుంటే ముందుకి. ట్యాంకు 20 గ్యాలన్లు, అంటే దాదాపు 75 లీటర్లు, సుమారు 55 కిలోలు, అదంతా కారు వెనక భాగంలో. ఇంధనం అయ్యేకొద్దీ వెనక బరువు తగ్గుతుంది కాబట్టి స్టింట్ (రెండు పిట్‌ల మధ్య పరుగు) చివరికి బయాస్ కొంచెం ముందుకి పోవాలి. ట్యాంకు నింపుకుని బయటికి రాగానే తిరిగి మొదటి స్థానానికి తెచ్చుకోవాలి. చాలామంది ఈ రెండోది మరిచిపోతారు, పిట్ తర్వాత మొదటి మలుపులోనే టైరు లాక్ చేసుకుంటారు. ఎన్ని క్లిక్కులు తిప్పారో రేడియోలో గట్టిగా చెప్పండి, ఇంజనీరు రాసుకుంటాడు.

పెడల్ చెప్పే మాటలు వేరు వేరు. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు మితిమీరి వేడెక్కాయి. రెండు ల్యాపులు ముందే తొక్కి, గాలి తగలనివ్వండి. ముందు కారు తోక వెనకే ఉంటే గాలి అందదు, అర కారు పక్కకు జరగండి. పెడల్ మెత్తగా, స్పాంజిలా దిగుతుంటే బ్రేక్ ద్రవం మరిగింది. ఇది తేలిగ్గా పోయే జబ్బు కాదు, క్రూ చీఫ్‌కి వెంటనే చెప్పాలి. కారు కర్బ్ (మలుపు అంచున ఎత్తుగా కట్టిన గట్టు) ఎక్కి దిగిన తర్వాత మాత్రమే పెడల్ లోతుకి పోతుంటే, కర్బ్ అదురుకి డిస్కు ప్యాడ్లని వెనక్కి నెట్టేసిందన్నమాట. దీనికి మందు సులువు: స్ట్రెయిట్ మీద, కుడి కాలు గ్యాస్ మీదే ఉంచి, ఎడమ కాలితో పెడల్‌ని ఒకటి రెండుసార్లు మెల్లగా తట్టండి. ప్యాడ్లు తిరిగి డిస్కు దగ్గరికి చేరతాయి. గ్లెన్ బస్ స్టాప్ లాంటి కర్బుల తర్వాత ఇది ఊపిరి పీల్చినంత అలవాటు కావాలి.

4. గేర్లు

సీక్వెన్షియల్‌లో లివర్‌ని ఒకసారి కదిపితే ఒక గేరు. కదిపితే పూర్తిగా, ఒక్క దెబ్బకి. నాన్చితే గేరు పళ్లు సగం కలుసుకుని అరుగుతాయి. షిఫ్ట్ అయ్యాక చెయ్యి స్టీరింగ్ మీదికి రావాలి, లివర్ మీద ఆనించి ఉంచొద్దు.

డౌన్‌షిఫ్ట్‌ల తొందర కొంప ముంచుతుంది. వేగం తగ్గకముందే గేరు దింపితే ఇంజను వెనక చక్రాలని పట్టి ఆపేస్తుంది, వెనక భాగం జారిపోతుంది. హద్దు దాటితే ఇంజనే పోతుంది. పాత సాలిడ్ యాక్సిల్ కార్లలో వెనక చక్రాలు దబదబా ఎగిరేవి, దాన్ని వీల్ హాప్ అంటారు. ఇండిపెండెంట్ సస్పెన్షన్ వచ్చాక తగ్గినా, బయాస్ మరీ వెనక్కి ఉండి గేరు తొందరపడితే ఇప్పటికీ కారు గిర్రున తిరిగిపోతుంది. నియమం ఒక్కటే: బ్రేకే కారుని ఆపాలి, గేరు మలుపు నుంచి బయటపడటానికి. ఐదు నుంచి రెండుకి రావాలంటే మూడు షిఫ్టులూ బ్రేకింగ్ జోన్ రెండో సగంలో పడాలి. చివరిది స్టీరింగ్ తిప్పే ముందే అయిపోవాలి.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్న తెలుగువాళ్లకి సోనోమా దగ్గరే. చివరి హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగినంత ఇరుకైన మలుపు), పదకొండో మలుపు దగ్గర కూర్చుని కళ్లు మూసుకుని వినండి. ఎవరి బ్లిప్‌లు సమంగా విడివిడిగా వినపడుతున్నాయో, ఎవరివి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో చెవికే తెలిసిపోతుంది.

5. ఒళ్లు, సీటు

ఓవల్ మీద శరీరం ఎప్పుడూ కుడివైపుకే ఒరుగుతుంది. సీటు ప్యాడింగ్ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. ఇక్కడ రెండు వైపులా సమానంగా ఆనిక కావాలి. తల, భుజాలు, పక్కటెముకలతో పాటు మోకాళ్ల మాట మరవొద్దు. ఎడమ మోకాలికి ఆనిక లేకపోతే కుడి మలుపుల్లో కాలు తలుపు వైపు కొట్టుకుంటుంది, బ్రేక్ బలం వణుకుతుంది. మెడకి రెండు వైపులా వ్యాయామం కనీసం ఆరు వారాల ముందు మొదలుకావాలి.

లోపలి వేడి 50 డిగ్రీల సెల్సియస్ దాటడం మామూలే. ఓవల్ స్ట్రెయిట్ మీద దొరికే విశ్రాంతి ఇక్కడ దొరకదు. నీళ్లు, ఉప్పు లవణాలు రెండు రోజుల ముందు నుంచే పెంచండి. రేసు ఉదయం కడుపు నిండా తాగితే లాభం లేదు. కూల్ షర్ట్, హెల్మెట్ గాలి గొట్టం రెండూ ప్రాక్టీసులోనే పరీక్షించాలి.

6. కారు గురించి క్రూ చీఫ్‌తో మాట్లాడాల్సింది

ఓవల్ సెటప్ ఎడమకు తిరగడానికి వంకరగా కడతారు. రోడ్ కోర్స్ కారు రెండు వైపులా దాదాపు సమానం: ముందు రెండు చక్రాలకీ నెగటివ్ క్యాంబర్ (పై భాగం లోపలికి వంపు), కర్బ్ మింగేంత మెత్తటి స్ప్రింగులు, డాంపర్లు. నెక్స్ట్ జెన్ కారు అడుగుభాగం మొత్తం చదునైన ప్యానెళ్లు, వెనక డిఫ్యూజర్ (అడుగున పోయే గాలిని మలిచి కారుని కిందికి లాగే భాగం). ఎత్తైన కర్బ్ మీద పడితే అడుగు దెబ్బతిని, వేగం ఎందుకు పోయిందో అర్థం కాదు. ఏ కర్బ్ వాడొచ్చు, ఏది వాడకూడదు అన్న జాబితా డ్రైవర్ దగ్గర ఉండాలి. వెనక టో లింక్ (వెనక చక్రం దిశని పట్టి ఉంచే కడ్డీ) ఈ కారు బలహీనత. వెనక చక్రం గోడకి గానీ కర్బ్ అంచుకి గానీ గట్టిగా తగిలితే అది వంగుతుంది. స్ట్రెయిట్ మీద స్టీరింగ్ నడిమధ్యలో నిలవకపోతే అనుమానించండి.

ఫీడ్‌బ్యాక్ ఇచ్చేటప్పుడు "లూజ్‌గా ఉంది" అంటే చాలదు. ఏ మలుపు, ప్రవేశమా మధ్యా నిష్క్రమణా, బ్రేక్ మీదనా గ్యాస్ మీదనా, మొదటి ల్యాపులోనా పదో ల్యాపులోనా: నాలుగూ చెప్పండి. పదిహేడు మలుపుల రోవల్‌లో అన్నిటికీ సెటప్ కుదరదు. మీరు మ్యాపు మీద పెద్ద పీట వేసిన మలుపులకి కుదిరించమని అడగండి, మిగతావి మీరే సర్దుకోండి.

టైరు గాలి: తక్కువ ఒత్తిడితో మొదలైతే మొదటి రెండు మూడు ల్యాపులు పట్టు ఉండదు, లాంగ్ రన్‌లో (ఆగకుండా ఎక్కువ ల్యాపులు తిరిగే పరుగు) నిలుస్తుంది. ఎక్కువతో మొదలైతే క్వాలిఫయింగ్‌కి బాగు, పదిహేను ల్యాపులకి టైరు ఉబ్బి నడిమి భాగం మీదే నడుస్తుంది.

7. సిమ్యులేటర్, డేటా

ప్రాక్టీస్ చాలా వారాంతాల్లో అరగంట కూడా ఉండదు. ట్రాక్ అక్కడ నేర్చుకుందామంటే కుదరదు. సిమ్యులేటర్‌లో క్రమం, గేర్లు, చూపు ఎక్కడ పెట్టాలన్నది నేర్చుకోండి. బ్రేక్ బలం మాత్రం అక్కడిది నమ్మొద్దు, ఒంటికి తగిలే ఒత్తిడి అందులో ఉండదు.

నాస్కార్‌లో మిగతా కార్ల థ్రాటిల్, బ్రేక్, స్టీరింగ్ గీతలు టీములకి అందుబాటులో ఉంటాయి. మిమ్మల్ని మించినవాడి గీత మీ గీత మీద వేసి చూడండి. ముందు కనీస వేగం ఎక్కడ ఎంతుందో చూడాలి, తర్వాత బ్రేక్ వదిలిన వాలు, ఆఖర్న బ్రేక్ తొక్కిన చోటు. అందరూ మూడోదే మొదట చూస్తారు. అందుకే ప్రాక్టీసులో అన్ని లాకప్‌లు.

8. ప్రాక్టీస్ నిమిషాలు ఖర్చు పెట్టే పద్ధతి

మొదటి ల్యాపు బ్రేకులకి వేడి పట్టించడానికి, పిట్ రోడ్ ప్రవేశం చూసుకోవడానికి. కప్ కారులో స్పీడోమీటర్ ఉండదు, డాష్ లైట్లే పిట్ రోడ్ వేగం చెప్తాయి. ఆ లైట్లు సరిగా ఉన్నాయో లేదో ఇప్పుడే తేల్చాలి. రెండు, మూడు ల్యాపులు తొంభై శాతం వేగంతో, కాగితం మీద ఖాళీగా ఉన్న గడులు నింపుకోవడానికి. తర్వాత ఐదారు ల్యాపులు పూర్తి వేగం. లోపలికి వచ్చి ఒకే ఒక మార్పు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మిగిలిన సమయమంతా ఆగకుండా లాంగ్ రన్. ఒక్క ల్యాపు వేగం కోసం లాంగ్ రన్ వదులుకున్న టీము ఆదివారం పదో ల్యాపు తర్వాత కారు ఎలా ఉంటుందో తెలియకుండానే రేసులోకి వెళ్తుంది.

క్వాలిఫయింగ్‌కి కొత్త టైర్లు. గ్లెన్‌లో మంచి ల్యాపు 71, 72 సెకన్ల దగ్గర ఉంటుంది. దాంట్లో పొరపాటు చేయని మలుపులే ఎక్కువ సంపాదించిపెడతాయి.

9. రేసుని వెనక నుంచి లెక్కించండి

రోడ్ కోర్స్ వ్యూహం చివరి ల్యాపు నుంచి మొదలవుతుంది. గ్లెన్‌లో స్టేజీలు (రేసుని విడగొట్టిన మూడు భాగాలు) 2025లో 20, 40, 90 ల్యాపుల దగ్గర ముగిశాయి. ట్యాంకు ఉదాహరణకి 34 ల్యాపులు వస్తుందనుకుంటే, చివరి పిట్ 56వ ల్యాపుకి ముందు జరగకూడదు. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టండి. స్టేజీ ముగియడానికి రెండు ల్యాపుల ముందు పిట్ రోడ్ మూసేస్తారు. దానికి ముందే పిట్ చేస్తే స్టేజీ పాయింట్లు పోతాయి, కానీ స్టేజీ కాషన్‌లో (పసుపు జెండా కింద అందరూ నెమ్మదిగా నడిపే సమయం) మిగతావాళ్లు లోపలికి వెళ్లినప్పుడు మీరు ముందు వరసలో ఉంటారు. మొదటి పది స్థానాలకి 10 నుంచి 1 దాకా స్టేజీ పాయింట్లు. పాయింట్లు కావాలా, గెలుపు కావాలా అన్నది రేసుకి ముందే డ్రైవర్, క్రూ చీఫ్ మాట్లాడుకోవాలి. రేడియోలో వాదించుకునే సమయం ఉండదు.

ఇంధనం పొదుపు చేయాల్సి వస్తే స్ట్రెయిట్ చివర బ్రేక్ గుర్తుకి ముందే గ్యాస్ వదిలి కారుని దొర్లనివ్వండి. ల్యాపు టైంలో నష్టం తక్కువ, బ్రేకులకీ చల్లదనం. కాషన్‌లో ఇంజను ఆపే ఆలోచన వస్తే మాత్రం 2010 సోనోమా గుర్తు చేసుకోండి. రేసు చివర్లో ముందున్న మార్కస్ ఆంబ్రోస్ ఇంధనం మిగల్చడానికి కాషన్‌లో ఇంజను ఆపాడు. ఎక్కుడులో అది తిరిగి స్టార్ట్ కాలేదు, కారు ఆగింది. అతన్ని ఏడో స్థానానికి పంపారు, గెలిచింది జిమ్మీ జాన్సన్. ఆపాల్సే వస్తే దిగుడులో ఆపాలి, కారు కదులుతుండగానే తిరిగి స్టార్ట్ చేయాలి.

స్పాటర్లు (ఎత్తు నుంచి చూస్తూ రేడియోలో దారి చెప్పేవాళ్లు) ఒకరికంటే ఎక్కువమంది ఉంటారు, ట్రాక్ మొత్తం ఒక్క చోటు నుంచి కనబడదు. ఎవరు ఏ మలుపు దాకా మాట్లాడతారో, గొంతు ఎక్కడ చేతులు మారుతుందో ముందే రాసుకోండి.

10. రీస్టార్ట్, దాటడం

కాషన్‌లో బ్రేకులు, టైర్లు చల్లబడతాయి, టైరు గాలి ఒత్తిడి పడిపోతుంది. గ్యాస్ మీద ఉంచుతూనే ఎడమ కాలితో బ్రేక్ కొంచెం నొక్కి పట్టి డిస్కులు వేడి చేయండి. అయినా మొదటి మలుపుకి మీ గుర్తు పనిచేయదు, కనీసం రెండు కార్ల పొడవు ముందే తొక్కాలి. 2019 రోవల్ రేసులో ముందున్న చేజ్ ఎలియట్ రీస్టార్ట్‌లో మొదటి మలుపు దగ్గర టైర్లు లాక్ చేసి నేరుగా బ్యారియర్‌ని కొట్టాడు. కారు బతికింది, తిరిగి వచ్చి అదే రేసు గెలిచాడు. అంత అదృష్టాన్ని లెక్కలో వేసుకోకండి.

దాటాలంటే ముందు మలుపు నుంచి బాగా బయటపడి, బ్రేకింగ్ జోన్ మొదట్లోనే పక్కకి చేరాలి. స్టీరింగ్ తిప్పే సమయానికి మీ ముందు చక్రం అతని తలుపు దగ్గర లేకపోతే ఆ మలుపు అతనిదే. 2016 సోనోమా చివరి ల్యాపులో డెన్నీ హామ్లిన్ ఏడో మలుపులో టోనీ స్టీవార్ట్‌ని దాటాడు. ఆఖరి హెయిర్‌పిన్‌లో హామ్లిన్ కొంచెం వెడల్పుగా పోయాడు, స్టీవార్ట్ లోపలి నుంచి దూరి గెలిచాడు. చివరి ల్యాపులో లోపలి దారి మూసిపెట్టడం వేగం కన్నా ముఖ్యం.

షికేన్ తప్పిపోతే గ్యాస్ తొక్కకండి. నిర్ణయించిన చోట పూర్తిగా ఆగి కదలండి. ఆగకపోతే పడే పెనాల్టీ అంతకు ఎన్నో రెట్లు.

11. వాన పడితే

రోడ్ కోర్సుల్లో గాడులున్న వాన టైర్లతో నడుపుతారు. పొడిలో నమ్ముకున్న లైను తడిలో శత్రువు. అక్కడ రబ్బరు పేరుకుని ఉంటుంది, నీళ్లు పడగానే నూనెలా జారుతుంది. ఏపెక్స్‌కి దూరంగా, గరుకు తారు మీద వెడల్పుగా తిరగండి. కర్బులు, రంగు గీతలు తాకొద్దు. బయాస్ వెనక్కి జరపాలి, ఎందుకంటే బ్రేక్ మెత్తగా పడుతుంది, బరువు ముందుకి అంతగా రాదు. ఒక గేరు పైన ఉంచి గ్యాస్ పాదంతో కాకుండా కాలి వేళ్లతో ఇచ్చినట్టు ఇవ్వండి. ట్రాక్ ఆరుతున్నప్పుడు స్ట్రెయిట్ మీద కావాలనే నీళ్లలో నడిపి వాన టైర్లు చల్లార్చండి.

పట్టు లేకపోవడం కన్నా చూపు లేకపోవడం ప్రమాదం. 2021లో కోటాలో జరిగిన మొదటి కప్ రేసులో తుంపర వల్ల ముందు కారు కనిపించక స్ట్రెయిట్ మీదే పెద్ద ఢీలు జరిగాయి. రేసుని 54 ల్యాపులకే ముగించారు. ముందేమీ కనబడకపోతే అవతలి కారు తోక వెనక ఉండొద్దు, పక్కకి జరగండి, స్పాటర్‌ని దూరం చెప్తూ ఉండమనండి. అద్దానికి లోపల ఆవిరి పట్టకుండా పూత, ఫ్యాను రెండూ వాన లేని రోజే పరీక్షించాలి.

12. కారు దిగాక ఇరవై నిమిషాలు

చెమట ఆరకముందే నోట్‌బుక్ తెరవండి. ప్రతి పెద్ద బ్రేకింగ్ జోన్‌కీ మొదటి ల్యాపు గుర్తు, చివరి ల్యాపు గుర్తు, బయాస్ ఎన్ని క్లిక్కులు కదిలింది, ఏ కర్బ్ తర్వాత పెడల్ లోతుకి పోయింది, ఎవరు మిమ్మల్ని ఎక్కడ దాటారు. ముందు టైర్లలో ఏది ఎక్కువ అరిగిందో, ఫ్లాట్ స్పాట్ (లాక్ అయి చదునుగా అరిగిన చోటు) ఎక్కడుందో మెకానిక్‌ని అడిగి రాయండి. తీసిన బ్రేక్ ప్యాడ్లు చేతిలోకి తీసుకుని చూడండి. ఒక చివర ఎక్కువ, ఇంకో చివర తక్కువ అరిగి ఏటవాలుగా ఉంటే రేసు రెండో సగంలో పెడల్ ఎందుకు పొడవైందో అదే చెప్తుంది. మిల్లీమీటర్లలో కొలిచి, ట్రాక్ పేరు, తారీఖు వేసి, మ్యాపు ఉన్న పేజీకే అంటించండి.